లేదు, వర్తించదు, తెలియదు

మా తిరువూరు సెంటర్లో గత వారం ఒకే మనిషికి మూడు ఫ్లెక్సీలు కట్టారు.

బస్టాండు వైపు నుంచి వస్తే మొదట కనిపించేది ఆయన చెల్లెలి కుటుంబం కట్టించింది. "ప్రభువునందు నిద్రించిన మా అన్నయ్య" అని ఉంది. కాస్త ముందుకొస్తే జూనియర్ కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళది: "స్వర్గస్థులైన మా గురువుగారికి అశ్రునివాళి." వెనక మబ్బులు, కింద దీపం. రోడ్డుకి అవతల ఉన్నది మాది, ఆదివారం చర్చావేదిక వాళ్ళది: "ఏ మతానికీ తలవంచని హేతువాదికి జోహార్లు." ఆ వాక్యం రాసింది నేనే.

మూడింటిలోనూ ఫొటో ఒకటే. శాసనసభకి పోటీ చేసినప్పుడు నామినేషన్ పత్రాల కోసం తీయించుకున్నది. అందులో ఆయన కెమెరాని కాకుండా కెమెరా పట్టుకున్నవాణ్ణి చూస్తున్నట్టుంటారు, "ఏ నిబంధన కిందండీ?" అని అడగబోతున్నట్టు.

ఏది అబద్ధమో చెప్పడం నా వృత్తి కాదు గానీ నా వ్యసనం. బాబాల విభూతి మీద, వాస్తు పేరు చెప్పి పడగొట్టించిన గోడల మీద, జాతకాలు కలవలేదని ఆపేసిన పెళ్ళిళ్ళ మీద రాస్తూనే ముసలివాణ్ణయ్యాను. ఎక్కడా తడబడింది లేదు. ఆ రోజు సెంటర్లో మూడు ఫ్లెక్సీల మధ్య నిలబడి తడబడ్డాను. వీటిలో ఏది అబద్ధం? మొదటి రెండూ అబద్ధాలైతే మూడోది నిజమని నాకెవరు చెప్పారు?

ఆ మధ్యాహ్నమే ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. విస్సన్నపేట దగ్గర సర్కారు బడిలో టీచరు. చేతిలో మున్సిపల్ ఆఫీసువాళ్ళు ఇచ్చిన మరణ నమోదు కాగితం.

"బాబాయ్, ఇందులో చనిపోయినవారి మతం అని ఒక గడి ఉంది. ఏం రాయను?"

"లేదు అని రాయమ్మా," అన్నాను ఆలోచించకుండా. నేను నా కాగితాలన్నింటిలోనూ రాసేది అదే.

"మీరట్టాగే అంటారని తెలుసు," అని కుర్చీ అంచున కూర్చుంది. "లేదు అని రాస్తే, మతం లేనాయనకి కులం ఎక్కడిది, ఆయన కూతురికి ఎస్సీ కోటాలో ఉద్యోగం ఎట్టా వచ్చింది అని రేపెవరన్నా కంప్లైంటు పెడితే? క్రిస్టియన్ అని రాస్తే తప్పకుండా పెడతారు. హిందూ అని రాస్తే మేనత్త మళ్ళీ మా గడప తొక్కదు. ప్రార్థన చేయించి సాగనంపింది ఆమేగా."

ఆ అమ్మాయి భయం ఉత్తుత్తిది కాదు. మన దేశంలో షెడ్యూల్డ్ కులం మనిషిగా గుర్తింపు ఉండాలంటే హిందువో సిక్కో బౌద్ధుడో అయి ఉండాలి. చర్చికి మారితే, ఊళ్ళో ఎవరూ మరిచిపోని కులాన్ని చట్టం మరిచిపోతుంది. ఈ నిబంధన మీద నేను చాలా వ్యాసాలు రాశాను. ఒక్కటీ ఆ గడి నింపడానికి పనికిరాలేదు.

"రేపు నేనూ వస్తాను. ఈలోపు ఆలోచిస్తా," అన్నాను. ఆలోచించడమంటే ఆయన్ని గుర్తుచేసుకోవడమే.

ఆయన సివిక్స్ లెక్చరరు. ఊరంతా మాస్టారనే పిలిచేది. పేరు ఇక్కడ రాయను. రాస్తే, చదివేవాళ్ళు ఆ పేరుని బట్టి ఆయన మతాన్ని ఊహించేస్తారు. అలా ఊహించేవాళ్ళంటే ఆయనకి చిరాకు.

ఆయన మాటల్లో ఎక్కువగా వినబడేది ఒక ప్రశ్న: "ఏ నిబంధన కింద?" టిఫిన్ హోటల్లో రెండోసారి చట్నీ లేదంటే చెయ్యి అలాగే చాచి అడిగేవారు. "ఏ నిబంధన కింద లేదండీ?" హోటలాయన తక్కువ తిన్నవాడు కాదు. "మా ఆవిడ నిబంధన కింద మాస్టారూ." ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "అయితే అప్పీలు లేదు," అనేవారు. బస్సులో ఎవరైనా సీటు మీద సంచి పెట్టుకుని కూర్చుంటే సంచిని ఉద్దేశించి అడిగేవారు. సంచి తాలూకు మనిషి సిగ్గుపడి ఒళ్ళో పెట్టుకునేవాడు. అయినా ఆ సీట్లో ఈయన కూర్చునేవారు కాదు. వెనక నిలబడ్డ ఎవరినో పిలిచి కూర్చోబెట్టేవారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

వాదించేటప్పుడు ఎదుటివాడి మణికట్టు పట్టుకోవడం ఆయన అలవాటు. నాడి చూస్తున్న వైద్యుడిలా మూడు వేళ్ళతో. "పారిపోతారని కాదండీ, మీరు నమ్మే మాట చెబుతున్నారో, నెగ్గే మాట చెబుతున్నారో ఇక్కడ తెలుస్తుంది," అనేవారు. నన్ను ఆయన "వ్యాసం గారూ" అని పిలిచేవారు. ఎరువుల కొట్టు మేడ మీద మా ఆదివారం వేదిక జరిగేది. నేను గొంతు చించుకుని ఏదైనా రుజువు చేశాక, కింద మెట్ల దగ్గర నా మణికట్టు పట్టుకుని, "వ్యాసం గారూ, ఇవాళ నాడి కొంచెం వేగంగా ఉంది," అనేవారు. అది మెప్పో వెక్కిరింపో ఇప్పటికీ తేలలేదు.

ఆయన క్లాసు గురించి, రెండో ఫ్లెక్సీ కట్టిన ఆ కాలేజీ పిల్లలు చెప్పుకునేది వేరు. ప్రశ్న అడిగితే తెలిసినట్టు నటించేవాణ్ణి గంట కొట్టేదాకా నిలబెట్టేవారట. "తెలియదు సార్" అన్నవాణ్ణి మాత్రం "శభాష్, కూర్చో" అనేవారట. తెలియని దగ్గర తెలియదనడమే పౌరశాస్త్రంలో మొదటి పాఠమని చెప్పేవారట. నాకిది అప్పట్లో అతిగా అనిపించింది. తెలియదన్న పిల్లవాణ్ణి మెచ్చుకుంటే వాడింక తెలుసుకుంటాడా?

మతం సంగతికొస్తే ఆయన నాకు ఎప్పుడూ ఒక పట్టాన అందలేదు. వేదిక మీద జ్యోతిష్కుణ్ణి కూర్చోబెట్టి, శని ఏ నిబంధన కింద ఒక ఇంట్లోకి వెళ్ళి పక్కింటిని వదిలేస్తాడని అడిగి, హాలంతా నవ్వించింది ఆయనే. అదే మనిషి పొద్దున్నే గడ్డం గీసుకుంటూ వాళ్ళమ్మ చర్చిలో పాడే పాటలు కూనిరాగం తీసేవారు. ఎ.కొండూరు దగ్గర పల్లెలో ఆమె ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళేది. ఆయన కులం సర్టిఫికెట్‌లో మాత్రం హిందూ అని ఉంది. గుళ్ళో పులిహోర పెడితే నిలబడి తినేవారు, లోపలికి వెళ్ళేవారు కాదు. చర్చి గుమ్మం దాకా వాళ్ళమ్మని దిగబెట్టేవారు, లోపలికి వెళ్ళేవారు కాదు. మా వేదికలో సభ్యత్వ కాగితం మీద సంతకం పెట్టమంటే, "లోపలికి రానండీ, గుమ్మం దగ్గర బాగానే వినబడుతోంది," అన్నారు. నేను జోకనుకున్నాను.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఒకసారి ఎన్నికలొచ్చాయి. మేమిద్దరం రెడ్డిగూడెంలో మా మామిడి తోటకి వెళ్ళాం. ఆయన రసాలు తినే పద్ధతి వేరు. కాయని రెండు అరచేతుల మధ్య చాలాసేపు మెత్తగా నొక్కుతూ కూర్చుని, తీరా ముచ్చిక తీశాక నిమిషంలో తినేసేవారు. ఆ రోజు కాయ నొక్కుతూ అన్నారు:

"ఎమ్మెల్యేకి నామినేషన్ వేస్తున్నానండీ. స్వతంత్రంగా."

"గెలుస్తారా?"

"గెలవడమేంటండీ. ఎవరైనా నిలబడొచ్చని సర్వీసంతా పిల్లలకి పాఠం చెప్పాను. ఇరవై అయిదేళ్ళు నిండాలి, ఓటరై ఉండాలి, ఇది రిజర్వుడు సీటు కాబట్టి ఆ సర్టిఫికెట్ ఉండాలి. అంతే అన్నాను. అంతేనా కాదా ఒక్కసారన్నా చూడొద్దూ? లోపలికి రానిచ్చారనుకోండి, నేను చెప్పింది పాఠం. రానివ్వలేదనుకోండి, అబద్ధం."

ఆయనకి కావలసింది అది. ఓట్లు కాదు, నామినేషన్ల పరిశీలన రోజున ఎన్నికల అధికారి నోటి నుంచి "ఆమోదించడమైనది" అనే మాట.

పార్టీ వాళ్ళకి ఒక ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రులకి పదిమంది కావాలి, పదిమందీ ఈ నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. నేను ఒకణ్ణి. బజార్లో కిరాణా కొట్టు సెట్టిగారు ఇంకొకరు. ఆయన కొడుకుని మాస్టారు పాసు చేయించారన్న కృతజ్ఞత. సంతకం పెడుతూనే సెట్టిగారు పంచాంగం తీశారు.

"మాస్టారూ, బుధవారం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా రాహుకాలం. అది పోయాక వేద్దాం."

"నామినేషన్ల టైము పదకొండు నుంచి మూడు సెట్టిగారూ. మీ రాహువుకి అందులో గంటన్నర ఏ నిబంధన కింద ఇచ్చారు?"

"మీకు నమ్మకం లేదు సరే. సంతకం పెట్టింది నేను కదా, నా సంతకానికి ఉంది."

మాస్టారు నా వైపు చూశారు. "వ్యాసం గారూ, దీనికి మీ దగ్గర జవాబుందా?" నేను జవాబులు మొదలుపెట్టాను. ఆయన వినకుండా సెట్టిగారితో "ఒంటిగంటన్నర దాటాకే వెళ్దాం లెండి," అనేశారు. మూఢనమ్మకానికి లొంగారని మూడు రోజులు పోట్లాడాను. ఆయన చెప్పిన సమాధానం ఒక్కటే: "ఆయన సంతకమండీ."

ప్రమాణపత్రం నింపడం మా ఇంట్లోనే జరిగింది. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు, అన్నింటికీ గడులు. ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. అడిగినా నింపకపోతే తిరస్కరణ. ఆయన పాఠం చెప్పే గొంతు తెచ్చుకున్నారు.

"ఖాళీ ఒప్పుకోరండీ. మూడు మాటలున్నాయి మనకి. లేదు, వర్తించదు, తెలియదు. ఏదో ఒకటి రాయాలి. మనిషన్నాక ఈ మూడిట్లో ఒకటి చెప్పగలగాలి కదా."

కేసులు: లేదు. భార్య ఆదాయం: వర్తించదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, ఆ మాట రాసేటప్పుడు కలం కాస్త ఆగింది. తర్వాత అవిభక్త హిందూ కుటుంబం ఆస్తులని ఒక వరస వచ్చింది. దాని కిందా వర్తించదు అని రాశారు. నేను ఎగిరి పట్టుకున్నాను.

"చూశారా! హిందువు కాదని మీరే రాశారు."

"ఉమ్మడి ఆస్తి లేదని రాశానండీ."

"మరి ఈ సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంది. దీన్ని ఎలా జతపరుస్తారు? మతం లేదని పక్కన ఒక కాగితం పెట్టండి. నిజం చెప్పి ఓడిపోండి. దానిమీద నేను రాస్తాను."

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "మీరు మతం లేదంటే, అబ్బో ఎంత ధైర్యం అంటారు వ్యాసం గారూ. మీ తోట మీకే ఉంటుంది, మీ ఇంటిపేరు మీకే ఉంటుంది. నేను మతం లేదంటే, అయితే కులం లేదు, కులం లేదు కాబట్టి సీటు లేదు అంటారు. అదీ సరే అని బయటికొస్తే, ఊళ్ళో నా కులం నాకు జాగ్రత్తగా దాచి ఉంచుతారు. మీరన్న ధైర్యం నాకూ ఉందండీ. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో నన్ను చూసుకోనివ్వండి."

నేను వాదించాను. ఇప్పటికీ వాదిస్తాను. ఒక అన్యాయమైన నిబంధన ఉందని, దాని లోపల సర్దుకుంటే ఆ నిబంధన బతుకుతుంది. అయినా ఆ రోజు ఆయన వేళ్ళ కింద నా నాడి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆయన నా చెయ్యి వదిలేసి, పత్రం చివరిదాకా చూసుకుని, కొంచెం దిగులుగా అన్నారు: "మూడోది వాడుకునే అవకాశమే రాలేదండీ. తెలియదు అని ఎక్కడా రాయలేదు."

నామినేషన్ రోజున, రాహువు తప్పుకున్నాక, వెళ్ళాం. అభ్యర్థితో కలిపి అయిదుగురినే లోపలికి పంపుతారు. మిగతా ప్రతిపాదకులు బారికేడ్ల దగ్గర ఎండలో ఉండిపోయారు. సెట్టిగారు, నేను లోపల ఉన్నాం. పత్రాలు తీసుకున్నారు, సర్టిఫికెట్ చూశారు, ఒప్పుకున్నారు. తర్వాత అభ్యర్థి ప్రమాణం. అట్ట మీద అచ్చువేసిన కాగితం ఆయన చేతికిచ్చారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ప్రమాణంలో రెండు దార్లుంటాయి. నమ్మకమున్నవాడు దేవుని పేర ప్రమాణం చేస్తున్నానంటాడు, లేనివాడు సత్యనిష్ఠతో ధ్రువీకరిస్తున్నానంటాడు. మధ్యలో ఒక అడ్డగీత. మన భాషలో క్రియ చివర వస్తుంది, అందుకని దేవుడు కూడా చివరే వస్తాడు. రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత, దేశ సార్వభౌమత్వం, సమగ్రత, అన్నీ అయిపోయేదాకా, చదివేవాడు ఎటు వెళ్తాడో వినేవాళ్ళకి తెలియదు. సెట్టిగారు కళ్ళు మూసుకున్నారు. నేను ఆయన నోటివైపే చూస్తున్నాను. మాస్టారు క్లాసులో చివరి బెంచీకి వినబడే గొంతుతో చదువుతూ వచ్చి, చివర్లో ఇలా చదివారు:

"...కాపాడుదునని దేవుని పేర ప్రమాణం చేయుచున్నాను, సత్యనిష్ఠతో ధ్రువీకరించుచున్నాను."

అధికారి మర్యాదగానే అన్నారు: "సార్, రెండూ కాదు. ఒకటి కొట్టేసి ఒకటి చదవాలి."

"రెండూ అచ్చువేసి ఇచ్చింది మీరే కదండీ."

"అది ఆప్షన్ సార్. ఎవరికి ఏది కావాలంటే అది."

"రెండూ కావాలనుకుంటే? ఏ నిబంధన కింద కుదరదు?"

అధికారి చేతిపుస్తకం తెరిచి పేజీలు తిప్పారు. ఎవరికో ఫోన్ చేశారు. పెట్టేసి, అలసిపోయిన గొంతుతో చెప్పారు: "రేపు సాయంత్రం దాకా టైముంది. ఎల్లుండి పరిశీలన. ఈలోగా వచ్చి ఒక్కటి చదవండి. ఇలా వదిలేస్తే ఎల్లుండి తిరస్కరించాల్సొస్తుంది."

"ఆలోచించుకుని వస్తానండీ," అని లేచారు.

అది పొరపాటా? కాగితం మీద ఉన్నదంతా పైకి చదివే లెక్చరరు అలవాటా? ఆ ప్రమాణంలో అడ్డగీత అంటే ఏంటో ఏటా పిల్లలకి చెప్పిన మనిషి! పొరపాటు కాకపోతే ఏమిటి? బయటికొచ్చాక ఆటో ఎక్కుతూ అడిగాను. "గొంతు తడారిందండీ, సోడా తాగుదాం," అన్నారు.

ఆ సాయంత్రం వాళ్ళ వరండా నిండిపోయింది. సెట్టిగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బతిమాలారు. "దేవుడని ఒక్క మాట అనెయ్యండి మాస్టారూ, పోయేదేముంది. ఏ దేవుడని అడగరుగా." చెల్లెలు లోపలి నుంచి వచ్చి, "అమ్మ బతికుంటే ఆ మాటకి ఎంత పొంగిపోయేది అన్నయ్యా," అంది. నేను లేచి నిలబడే చెప్పాను: "ఆ మాటంటే ఇన్నాళ్ళు మనం మేడ మీద మాట్లాడిందంతా వ్యర్థం." ఇంతలో ఎవరో బజారు కబురు మోసుకొచ్చారు. పోటీలో ఉన్న ఇంకొక అభ్యర్థి తరఫు వకీలు కాచుకుని ఉన్నాడట. దేవుడి మాట లేకుండా చదివితే, ఈయన హిందూ మతం వదిలేశాడు, సర్టిఫికెట్ చెల్లదు అని అభ్యంతరం పెడతాడట. అది చట్టం ముందు నిలుస్తుందో లేదో వరండాలో ఎవరికీ తెలియదు.

మాస్టారు అందరి మాటా విన్నారు. ఎవరి మణికట్టూ పట్టుకోలేదు. తన ఎడమ మణికట్టునే కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నారు. చివరికి, "రేపు నేనొక్కణ్ణే వెళ్తాను. మీరెవ్వరూ రావద్దు," అన్నారు.

వెళ్ళారు. చదివారు. వచ్చారు. అమ్మాయి అప్పుడు కాలేజీలో చదివేది, తోడు వెళ్ళింది గానీ గేటు బయట ఆటోలోనే కూర్చుంది.

పరిశీలన రోజున ప్రతిపాదకుడిగా నేను పక్కనే ఉన్నాను. ఆ వకీలు నిజంగానే లేచాడు. ఒకటి కాదు, రెండు అభ్యంతరాలు తెచ్చాడు, ప్రమాణంలో ఏ మాట చదివారో మాత్రం అతనికీ అందినట్టు లేదు. "ఈయన తల్లిని చర్చివాళ్ళు ఖననం చేశారు, కాబట్టి ఈయన క్రైస్తవుడు. రెండోది, ఈయన హేతువాద వేదికలో ఉపన్యాసాలిస్తాడు, కాబట్టి ఏ మతమూ లేనివాడు. ఎలా చూసినా ఈ సర్టిఫికెట్ చెల్లదు సార్."

మాస్టారు నవ్వాపుకుంటూ లేచారు. చెప్పబోయే మాటకి ముందే నవ్వడం ఆయనకి అలవాటు.

"వకీలుగారూ, ఒకే మనిషి క్రైస్తవుడూ నాస్తికుడూ ఎట్టా అవుతాడండీ? మొన్న ఇదే గదిలో నాకు చెప్పారు. రెండూ కుదరవు, ఒకటి కొట్టేసి ఒకటి చదవండి."

అధికారి కూడా నవ్వారు. సర్టిఫికెట్ ఇచ్చినవారు దాన్ని రద్దు చేయనంతవరకు అది చెల్లుతుందని చెప్పి, నామినేషన్ ఆమోదించడమైనదన్నారు. మాస్టారు ఆ మాట విని కూర్చోవడం మరిచిపోయారు. నేను చొక్కా పట్టుకుని లాగాల్సొచ్చింది.

ఎన్నికల గుర్తుగా పలక అడిగితే బకెట్టు ఇచ్చారు. కొన్నాళ్ళు ఊరు ఆయన్ని బకెట్టు మాస్టారంది. డిపాజిట్ పోయింది. ఆయన మాత్రం చాలా రోజులు పరీక్ష పాసైన పిల్లాడిలా తిరిగారు.

అసలు సంగతి అది కాదు. ఆ రోజు ఒంటరిగా వెళ్ళి ఏది చదివారు? పరిశీలన అయ్యి మెట్లు దిగుతుండగానే అడిగాను.

"ఏది చదివారు మాస్టారూ?"

"ఒకటే చదివానండీ."

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగానో. బస్సులో, హోటల్లో, తోటలో కాయ నొక్కుతుండగా. ఎప్పుడూ అదే జవాబు. ఒకసారి విసుక్కున్నాను. "సమాచార హక్కు చట్టముందిగా, దరఖాస్తు పెట్టుకోండి వ్యాసం గారూ. ఏ నిబంధన కిందో కూడా మీకు తెలుసు," అన్నారు.

తెలుసు. దరఖాస్తు పెట్టలేదు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోవద్దని జీవితమంతా ఊరందరికీ చెప్పినవాణ్ణి, రుజువు ఒక దరఖాస్తు దూరంలో ఉంటే అడగలేదు. ఎందుకడగలేదు? ఆయన దేవుడన్నారని తేలితే భరించలేననా? ధ్రువీకరిస్తున్నానన్నారని తేలితే, ఆ సీటునీ, ఆ ఆమోదాన్నీ పణంగా పెట్టి ఆ ఒక్క మాట కోసం వెళ్ళారని, నేను చెయ్యమన్నది ఆయన నాకు చెప్పకుండా చేశారని తేలుతుందనా? రెండిట్లో దేనికి ఎక్కువ భయపడ్డానో ఇవాళ కూడా చెప్పలేను. ఆ స్థితిలో ఉండే, మొన్న ఫ్లెక్సీ మీద "ఏ మతానికీ తలవంచని" అని రాశాను.

మర్నాడు పొద్దున మున్సిపల్ ఆఫీసు వరండాలో బల్ల మీద అమ్మాయీ నేనూ కూర్చున్నాం. కాగితం ఆమె ఒళ్ళో ఉంది. మిగతావన్నీ నింపేసింది.

"వర్తించదు అని రాద్దామా?" అన్నాను.

నవ్వింది. నవ్వితే వాళ్ళ నాన్నే. "వర్తించకపోవడమేంటి బాబాయ్. నాన్నకి పుట్టిన దగ్గర్నుంచీ వర్తించింది అదొక్కటేగా."

"పోనీ, ఆ రోజు ఆటోలో వచ్చేటప్పుడు నీకన్నా చెప్పారా?"

"అడిగా. ఒకటే చదివానమ్మా అన్నాడు."

లోపలి నుంచి పిలుపొచ్చింది. ఆమె కలం తీసి, నన్నడక్కుండానే గడిలో ఒక మాట రాసి, లేచింది. నేను వెనకే వెళ్ళాను.

గుమాస్తా కాగితం కిందనుంచి పైకి చదువుతూ ఆ గడి దగ్గర ఆగాడు. "ఇదేంటమ్మా, తెలియదు అని రాశావ్?"

"అవునండి."

"సొంత నాన్న మతం తెలియదంటే ఎట్టాగమ్మా? చదువుకున్నదానివి, టీచరువి."

"ఏ నిబంధన కింద తెలియాలండీ?"

ఆ గొంతు నేను వెనకనుంచి విన్నాను. ఒక్క క్షణం ఆయన కోసం పక్కకి చూశాను.

గుమాస్తా కలం మూత తీసి, పెట్టి, నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పండి సార్. పెద్దవారు. ఆయనతోనే తిరిగేవారు కదా ఎప్పుడూ. ఏం మతం ఆయనది?"

జీవితంలో నన్ను ఇంత సూటిగా ఎవరూ ప్రశ్న అడగలేదు. నా దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది. అది రోడ్డు మీద, ఫ్లెక్సీ అంత సైజులో, ఇంకా వేలాడుతోంది.

"నాకూ తెలియదండీ," అన్నాను.

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సీలు వెతుక్కుంటూ అన్నాడు:

"సరే. కూర్చోండి."